చుక్కానికి అటూ ఇటూ

ఆ విమానం మా షెడ్డులో పదకొండేళ్లు ఉంది. మొదట్లో దాన్ని విమానం అనడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు. రష్యా ఉత్తరాన ఏదో చిత్తడి నేలలో యాభై ఏళ్లు కూరుకుపోయి, నాలుగు చెక్కపెట్టెల్లో ఇంగ్లండు తూర్పు తీరాన మా సఫోక్‌కి వచ్చింది. మూతలు తీస్తే వంగిన గొట్టాలు, తుప్పు, నాచు. యుద్ధకాలంలో ఇంగ్లండు నుంచి ఓడలో వెళ్లిన హరికేన్ ఫైటర్ అది. కూలినరోజు దాన్ని నడుపుతున్న కుర్రాడు మంచులో రెండు రోజులు నడిచి తనవాళ్లను చేరుకున్నాడని పెట్టెల్లోనే ఒక కాగితం దొరికింది. ఆ ఒక్క మాటకే మనసు పడి కొన్నానని జెరల్డ్ ఆల్డస్ చెప్పేవాడు. జెరల్డ్ బంగాళాదుంపల రైతు. పాత యుద్ధకాలపు రన్‌వే చివర ఉన్న ఆ షెడ్డూ, పక్కనున్న పొలాలూ ఆయనవే.

దాన్ని మళ్లీ ఎగిరేలా బాగుచేసే పనిలో మేము ఆరేడుగురం. నేను లేత్ మిషను మీద చిన్న చిన్న భాగాలు చేసేదాన్ని. అందరికీ మేస్త్రీ లెనర్డ్ థర్టిల్. ట్రాక్టర్ల కర్మాగారంలో నలభై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయేదాకా ఆమెతోనే ఉన్నాడు, పోయాక ఆ ఇంట్లోనే ఒక్కడూ ఉంటున్నాడు. మాట తక్కువ. పని బాగుంటే ఏమీ అనడు, బాగోకపోతే ఆ వస్తువుని తీసుకొచ్చి మన బల్లమీద పెట్టి వెళ్లిపోతాడు. అదే ఆయన తిట్టు.

హరికేన్‌కి ముందు భాగం రేకు, వెనక సగం గుడ్డ. గొట్టాల మీద చెక్క బద్దలు, ఆ బద్దల మీద బిగువుగా లినెన్. తోకా, దాని చివర నిలువుగా ఉండి విమానాన్ని పక్కలకి తిప్పే చుక్కానీ కూడా అంతే. పదో ఏడు వచ్చేసరికి రేకు పనీ ఇంజను పనీ ఒక దారికొచ్చాయి గాని, గుడ్డ పని తెలిసినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. జెరల్డ్ పోస్టాఫీసు కిటికీలో ఒక చీటీ అంటించాడు. విమానానికి గుడ్డ కుట్టేవారు కావాలని, ఓపిక ఉండాలని, టీ ఇస్తామని రాశాడు.

ఆ చీటీ చూసి వచ్చింది ఈనిడ్ గారడ్. అరవై ఏడేళ్లు. సన్నగా, నిటారుగా, నీలం కోటు మెడదాకా గుండీలు పెట్టుకుని, సొంత సూదుల పెట్టెతో వచ్చింది. లెనర్డ్ ఆమెను కిందినుంచి పైకి చూసి, ఇది కర్టెన్లు కుట్టే పని కాదు మిసెస్ గారడ్ అన్నాడు.

"కర్టెన్లు నేనెప్పుడూ కుట్టలేదు, మిస్టర్ థర్టిల్. లోస్టాఫ్ట్‌లో ముప్ఫై నాలుగేళ్లు తెరచాపలు కుట్టాను. వాటిని నమ్ముకుని మగవాళ్లు సముద్రం మీదకి పోయారు. ఇంతకీ మీది ఎంత ఎత్తుకి పోతుంది?"

పదివేల అడుగులు అన్నాడు లెనర్డ్.

"అయితే కుట్టు కాస్త దగ్గర దగ్గరగా వేద్దాంలెండి," అని ఆమె కోటు విప్పి కొక్కేనికి తగిలించింది.

ఆ శీతాకాలమంతా ఆమె కుట్టుమిషను మీద తొడుగులు కుట్టింది, మేము వాటిని చెక్క బద్దల మీదకి లాగి తొడిగాం. మరుసటి సంవత్సరం చలికాలానికి పని చుక్కాని దగ్గరికి వచ్చింది. చుక్కానికి తొడుగు ఒక్కటే చాలదు. లోపలున్న ప్రతి బద్దకీ గుడ్డను దారంతో బిగించి కట్టాలి. మైనం పట్టించిన దారం, అడుగు పొడవు సూది. ఇటునుంచి గుచ్చితే అటు తేలాలి, అటునుంచి మళ్లీ ఇటు రావాలి, వచ్చిన ప్రతిసారీ ఒక ముడి పడాలి. అందుకని చుక్కానిని ఒక చట్రానికి నిలువుగా వేలాడదీసి, ఇటు ఒకరు అటు ఒకరు కూర్చుంటారు. ముడి వేసే వైపు ఈనిడ్ కూర్చుంది. రెండో వైపుకి ఎవరిని కూర్చోబెట్టాలా అని లెనర్డ్ షెడ్డంతా కలియజూసి, ఎవరిమీదా నమ్మకం కుదరక, తనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

మొదటి రోజే ఆయన వేలికి సూది దిగింది. దాంతో ఈనిడ్ ఒక పద్ధతి పెట్టింది. సూది గుచ్చేముందు గుడ్డమీద వేలితో రెండు సార్లు తడుతుంది. ఆయన చెయ్యి తీసేసి తనూ రెండు సార్లు తడతాడు. అప్పుడు సూది వస్తుంది.

నా లేత్ వాళ్లకి నాలుగు గజాల దూరం. మిషను ఆపినప్పుడల్లా వాళ్ల మాటలు వినబడేవి. మొదటి వారం సూది గురించీ దారం గురించీ తప్ప మాటే లేదు. తరవాత నెమ్మదిగా వేరే మాటలు మొదలయ్యాయి. మధ్యలో గుడ్డ అడ్డం ఉండి ఒకరి మొహం ఒకరికి కనబడకపోవడం వల్లనేమో, లెనర్డ్ నోట అంతకుముందు పదేళ్లలో నేను వినని సంగతులు విన్నాను. తల్లి చివరి రోజుల్లో తనను గుర్తుపట్టక, కర్మాగారం నుంచి వచ్చిన మనిషనుకుని మర్యాదగా కుర్చీ చూపించేదట. తనూ ఆ కుర్చీలో కూర్చుని, మీ అబ్బాయి బాగా పనిచేస్తున్నాడండీ అని చెప్పి లేచేవాడట. ఈనిడ్ తన భర్త విల్ఫ్ గురించి చెప్పేది. ముప్ఫై ఏళ్లు చేపల పడవమీద ఎంత తుపానుకీ బెదరని మనిషి, ఆవు ఎదురైతే మాత్రం ఆమె వెనక్కి వచ్చి నిలబడేవాడట. ఆయన పోయి అప్పటికి ఆరేళ్లు.

డిసెంబరులో ఒకరోజు, అటువైపు నుంచి లెనర్డ్ గొంతు "ఈనిడ్, కాస్త దారం వదులు" అంది. "వదిలాను లెనర్డ్, లాక్కో," అంది ఆమె. అంతే. మిసెస్ గారడ్, మిస్టర్ థర్టిల్ ఆ రోజుతో పోయారు. టీ వేళకి షెడ్డంతా ఆ సంగతి తెలిసిపోయింది గాని ఎవరం ఏమీ ఎరగనట్టే ఉన్నాం.

ఫిబ్రవరిలో చుక్కాని పూర్తయింది. కుట్టు మీద పట్టీలు అంటించి రంగు వేసేముందు విమానాల ఇన్‌స్పెక్టరు చూసి సంతకం చెయ్యాలి. క్లిఫర్డ్ టోవెల్ అని, నెమ్మదైన మనిషి, ఎవర్నీ గొంతెత్తి ఒక మాట అనడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఒక్కో కుట్టు కిందకీ చిన్న కొక్కెం దూర్చి మెల్లగా లాగి చూశాడు. మధ్యాహ్నం దాకా చూశాడు. లేచేసరికి చుక్కాని మీద పద్నాలుగు చోట్ల తెల్ల సుద్ద గీతలున్నాయి. ఆ పద్నాలుగు ముడులూ వదులు.

"కుట్టు చూడముచ్చటగా ఉంది," అన్నాడాయన. "కానీ ఆ వేగంలో గాలికి ముచ్చట అక్కర్లేదు కదా. ఒక ముడి జారిందంటే పక్కదాని మీద బరువు పడుతుంది, అక్కణ్ణుంచి చిరుగుతూ పోతుంది. మొత్తం విప్పి మళ్లీ కుట్టండి. మన్నించండి."

తప్పు తనదేనని లెనర్డ్ వెంటనే అన్నాడు. దారం లాగేది తను కాబట్టి లాగడంలోనే ఏదో తేడా వచ్చి ఉంటుందని. ఈనిడ్ సుద్ద గీతల్ని ఒక్కొక్కటే చూసింది. తరవాత సూదులు పెట్టెలో సర్దుకుని, కోటు వేసుకుని, అందరికీ వస్తానని చెప్పి వెళ్లింది. గుండీలు పెట్టుకోకుండానే వెళ్లింది.

మర్నాడు రాలేదు. ఆ వారమూ రాలేదు. జెరల్డ్ ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. పై వారం నారిచ్ పట్నంలో ఇంకెవరో గుడ్డ పని తెలిసినావిడ ఉందట, కనుక్కుంటానని జెరల్డ్ అన్నాడు. లెనర్డ్ వద్దన్నాడు. చుక్కానిని విప్పనూ లేదు, దాని మీద ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. దుప్పటి కప్పి గోడకి ఆనించి పెట్టాడు.

ఆ శనివారం మధ్యాహ్నం చేతులు కడుక్కుని నా లేత్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మెడకి టై కట్టుకున్నాడు. టైలో నేనాయన్ని ఎప్పుడూ చూడలేదు.

"మెరియల్, నీ కారు తియ్యి. పేక్‌ఫీల్డ్ పోదాం. నువ్వు కూడా లోపలికి రావాలి. నాకు మాటలు రావు."

ఈనిడ్ ఇల్లు అక్కడ సముద్రం వైపు చివరి వరసలో ఉంది. తలుపు తీసి మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. రండి అని వంటింట్లోనే కూర్చోబెట్టి టీ పెట్టింది. కప్పులు సగమే నింపింది. మా ముందుకి తెస్తుంటే కప్పు సాసరు మీద టకటకమని కొట్టుకుంది. అప్పుడు చూశాను, ఆమె కుడిచెయ్యి. బల్ల దగ్గర కూర్చున్నాక దాన్ని ఎడమ అరచేతి కింద పెట్టుకుంది. అప్పుడు ఎడమచెయ్యి కూడా కదలడం మొదలుపెట్టింది.

వణుకుడు జబ్బని డాక్టరు అక్టోబరులోనే చెప్పాడట. పొద్దున్నపూట నయమే గాని, చలికి ఎక్కువవుతుందట. గుచ్చడం, లాగడం ఇబ్బంది లేదట. ముడి చివర్న బొటనవేలు ఒక్క క్షణం కదలకుండా అదిమి పట్టాలి, అక్కడే వస్తుందట చిక్కంతా.

"నా చెయ్యి నాకే అబద్ధం చెప్పింది లెనర్డ్. బిగిసిందనే అనుకున్నాను. ప్రతి ముడికీ అనుకున్నాను," అంది. "అందులో ఒక మనిషి కూర్చుంటాడు."

లెనర్డ్ తనకి మాటలు రావన్నాడు కదా, నేనే ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. ఈలోగా ఆయనే అందుకున్నాడు.

"నాకు చెప్పాల్సింది."

"చెబితే పంపించేసేవాడివి."

"మొదటి నెలలో అయితే పంపించేసేవాణ్ణే."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు ముడి నేను వేస్తాను. ఎలా వెయ్యాలో నువ్వు చెప్పు."

ఈనిడ్ ఆయన చేతులవంక చూసింది. "వేళ్లా అవి? మేకులు."

"మేకులే. కాకపోతే వణకవు," అన్నాడు లెనర్డ్.

అన్న మరుక్షణం తను ఏమన్నాడో తెలిసొచ్చి, ఆయన మొహం మెడదాకా ఎర్రబడిపోయింది. కుర్చీలోంచి సగం లేచాడు. నాకు ఎటు చూడాలో తోచలేదు. అప్పుడు ఈనిడ్ నవ్వింది. చిన్నగా మొదలై, ఆపుకోలేక, కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. ఆ నవ్వులో ఏడుపు కూడా కొంత ఉందనుకుంటాను. తరవాత లేచి, సొరుగులోంచి దారపు ఉండ తీసుకొచ్చి, ఖాళీ కుర్చీ ఒకటి ఆయన ముందుకి తోసింది. కుర్చీ వెనక కర్రకి దారం చుట్టించి ముడి నేర్పడం మొదలుపెట్టింది. ఆయన వేస్తాడు, ఆమె సూదిమొనతో గిల్లి చూస్తుంది, జారిపోతుంది. మళ్లీ వేస్తాడు. రెండు గంటల సేపు అదే పని. నేను నాలుగు కప్పుల టీ తాగాను, సముద్రం మీద పోతున్న పడవల్ని చూశాను. చివరికి ఒక ముడి సూదిమొనకి లొంగలేదు. ఈనిడ్ దాన్ని పళ్లతో కూడా లాగి చూసింది. లొంగలేదు.

"ఇలాంటివి ఇంకో రెండొందలు," అంది.

సోమవారం ఆమె షెడ్డుకి వచ్చింది. చుక్కాని మీది దుప్పటి తనే తీసి, కత్తితో తన కుట్టంతా తనే కోసింది. కోస్తున్నప్పుడు లెనర్డ్ బయటికెళ్లి నిలబడ్డాడు. కొత్త తొడుగు వేశాక, ఈసారి ఇద్దరూ వైపులు మార్చుకున్నారు. ఆమె అటునుంచి సూది పంపేది, ముడి ఆయన వేసేవాడు. బాగా చలిగా ఉన్న పొద్దుల్లో ఆమె చెయ్యి స్వాధీనంలో ఉండేది కాదు. జెరల్డ్ దుంపల గోదాములోంచి హీటరు తెచ్చి ఆమె స్టూలు పక్కన పెట్టాడు. ఎనిమిదింటికల్లా పని మొదలుపెట్టే లెనర్డ్, మోకాళ్లు పట్టేస్తున్నాయని చెప్పి పదింటికి మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాడు. ఆ మోకాళ్లతోనే మధ్యాహ్నం నిచ్చెనలు ఎక్కేవాడు.

ఏప్రిల్లో టోవెల్ మళ్లీ వచ్చాడు. ఈసారి మధ్యాహ్నం దాటినా లేవలేదు. కొన్ని ముడుల్ని రెండేసి సార్లు చూశాడు. సుద్ద ముక్క జేబులోంచి బయటికి రాలేదు. కాగితం తీసి, కుట్టింది ఎవరని రాయమంటారని అడిగాడు. ఇద్దరి పేర్లూ రాయండి అన్నాడు లెనర్డ్. ఒక్క పేరుకే చోటుందని టోవెల్ అంటే, "అయితే సన్నగా రాయండి" అన్నాడు.

తరవాత గుడ్డమీద డోప్ పూశాం. అదో ఘాటైన వార్నిష్. ఆరుతున్నకొద్దీ గుడ్డను బిగలాగుతుంది. కళ్లు మండి మేమందరం బయటికి పరిగెడుతుంటే ఈనిడ్ మాత్రం ముక్కుకి రుమాలు కట్టుకుని అక్కడే కూర్చునేది. రెండో పూత ఆరాక చుక్కాని మీద వేలితో కొడితే డప్పులా మోగింది. ఆమె వెళ్లేటప్పుడోసారి, వచ్చేటప్పుడోసారి దాన్ని మోగించేది. తెరచాపలు ఇలా పలకవు, ఇది బాగుంది అనేది.

జూన్ రెండో వారంలో విమానాన్ని ఎగరేయడానికి మ్యూర్ అనే పైలట్ వచ్చాడు. స్కాట్లండువాడు, పొడుగ్గా, బట్టతలతో ఉంటాడు. ఆ పొద్దున ఆయన విమానం చుట్టూ తిరిగి ఒక్కో భాగాన్నీ చేత్తో తడిమి చూసుకుంటుంటే, ఈనిడ్ తిన్నగా ఆయన దగ్గరికి నడిచింది. లెనర్డ్ ఆపబోయి ఆగిపోయాడు.

"చుక్కాని కుట్టింది మేమిద్దరం," అంది ఆమె. "నా చెయ్యి బాగోలేదు. మొదటిసారి కుట్టింది పనికిరాలేదు, విప్పేశాం. ఇది రెండోది. లోపల కూర్చునేది మీరు కాబట్టి మీకు తెలియాలి."

మ్యూర్ ఆమె చేతిని చూశాడు. తరవాత చుక్కాని దగ్గరికి వెళ్లి, అరచేత్తో అటోసారి ఇటోసారి నొక్కాడు. పట్టీల వెంట వేలు పెట్టి పైనుంచి కిందిదాకా వచ్చాడు. తొందరేమీ పడలేదు. "చెప్పినందుకు సంతోషమమ్మా. చూసుకున్నాను. నేను కూర్చుంటాను," అని టోపీ పెట్టుకున్నాడు.

ఇంజను మోగింది. ఎన్నోసార్లు నేలమీద మోగించి చూసినదే అయినా ఆ రోజు నా కాళ్లకింద గడ్డి కూడా వణికినట్టనిపించింది. విమానం రన్‌వే చివరిదాకా వెళ్లి తిరిగి, పరిగెత్తి, తోక లేపి, మా ముందునుంచి పోతూ నేల వదిలింది. జెరల్డ్ టోపీ తీసేసి చేతిలో పట్టుకున్నాడు. నేను లెనర్డ్‌వంక చూశాను. ఆయన పైకి చూడటం లేదు. తన బూట్లవంక చూస్తూ నిలబడ్డాడు. పదకొండేళ్ల పని నెత్తిమీద ఎగురుతుంటే తల ఎత్తలేకపోయాడు.

ఈనిడ్ ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఏం జరుగుతున్నదీ నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. "చర్చి మీదుగా పోతోంది. ఇప్పుడు ఎడమకి తిరుగుతోంది. చక్కగా తిరిగింది లెనర్డ్. ఇప్పుడు మబ్బు కిందకి వెళ్లింది. కంగారుపడకు, మళ్లీ కనబడింది. కుడికి తిరుగుతోంది."

"వెనక్కి వస్తోందా?" అని అడిగాడు.

"వస్తోంది. చక్రాలు దించాడు. చూడు ఇంక."

అప్పుడు తలెత్తాడు. విమానం నేలకి ఆని, ఒకసారి మెత్తగా ఎగిరి, మళ్లీ ఆని, పరుగు తగ్గించుకుంటూ మా వైపు వచ్చింది. మ్యూర్ దిగి, పెద్దగా మాట్లాడకుండా అందరికీ చేతులు కలిపి, ఎడమకి కొంచెం లాగుతోంది, సరిచెయ్యొచ్చు, చుక్కాని మాత్రం చెప్పిన మాట వింటోంది అన్నాడు. అందరూ ఇంజను చుట్టూ చేరారు. లెనర్డ్ తోక దగ్గరికి వెళ్లి, మోకాళ్లమీద కూర్చుని, పట్టీలన్నీ ఒక్కొక్కటే చూసుకున్నాడు. ఏదీ కదల్లేదు.

మధ్యాహ్నం గడ్డిమీద కూర్చుని జెరల్డ్ భార్య పంపిన హ్యామ్ శాండ్‌విచ్‌లు తిన్నాం. ఈనిడ్‌కి చెయ్యి బాగా వణుకుతుంటే లెనర్డ్ అడక్కుండానే ఆమె శాండ్‌విచ్‌ని నాలుగు ముక్కలు చేసి ఇచ్చాడు. ఆమె ఒక ముక్క తిని, విమానంవంక చూస్తూనే, వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టుగా అంది.

"మా ఇంట్లో రెండు గదులు ఖాళీ. ఇది తగ్గే జబ్బు కాదు, ముందే చెబుతున్నాను. పెరుగుతుంది. ఆలోచించుకుని చెప్పు."

లెనర్డ్ తింటున్నది మింగి పెదాలు తుడుచుకున్నాడు. "ఆలోచించడానికేముంది," అన్నాడు. మళ్లీ తనే, "ఒక గది చాలు," అన్నాడు.

సెప్టెంబరులో లోస్టాఫ్ట్ రిజిస్ట్రారు దగ్గర వాళ్ల పెళ్లయింది. సాక్షులం జెరల్డూ నేనూ. లెనర్డ్ తల్లితో ఉన్న పాత ఇల్లు అమ్మేసి, పనిముట్లన్నీ పేక్‌ఫీల్డ్‌కి మార్చాడు. జబ్బు ఆమె చెప్పినట్టే పెరిగింది. ముందు గుండీలు కష్టమయ్యాయి, తరవాత చెంచా, తరవాత నడక. కానీ ఎనిమిదేళ్లు బతికింది. ఆఖరి ఏడు నేనొక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి లెనర్డ్ తల దువ్వుతున్నాడు. నాలుక కొస పళ్లమధ్య పెట్టుకుని, దువ్వెన మొనతో పాపిడి తీస్తున్నాడు. మాట బాగా నెమ్మదించినా ఆమె నోరు ఊరుకోలేదు.

"చూడు మెరియల్, రోజూ ఇంతే. రేకు మీద గీత గీసినట్టు గీస్తాడు," అంది.

"కదలకు," అన్నాడు లెనర్డ్.

"కదలకుండా ఎలా ఉంటానయ్యా?" అంది ఈనిడ్, ఇద్దరూ నవ్వారు. ఆయన పాపిడి చెరిపేసి మళ్లీ మొదటినుంచి తీశాడు.